భూమయ్య మడతపీట

ఆ పీట మీద కూసోకు రా సురేందర్. కూసోవద్దని కాదు, దాని పట్టీ పికిలింది, కూసున్నవంటె నడుం మీద వడ్తవు. ముందుగాల ఆ టేపు ఇటియ్యి. కార్టన్ అడుక్కు రెండు వరుసలు చుట్టకపోతె శంషాబాద్‌ల బెల్టు మీద నా లుంగీలు, పాలపొడి డబ్బలు అన్ని ఊరేగుతయి. ఏందీ? పీట సుత కార్టన్ల వెడుదామా? వద్దు వద్దు. అది ఊరికి రాదు. దాని జాగ ఆ తలుపు ఎన్కనే. భూమయ్య ఉన్నప్పటిసంది అది గాడ్నే ఉన్నది. నీకు భూమయ్య తెల్వదు గద. నువ్విప్పుడు పండుకునే కింది మంచం ఆయినదే. అగో, ఎందుకట్ల చూస్తవ్? మంచం మీద పోలేదు తీ, బుగులు వడకు. పరుపు సుత మారిపించిండు క్యాంప్ బాస్. కూసో, గా బకీటు బోర్లేసి కూసో. బువ్వ ఉడికెదాక ఏం పనున్నది నీకు, శుక్రారమాయె.

భూమయ్యది మెట్‌పల్లి దిక్కు. నాది కమ్మర్‌పల్లి. ఒక్క బస్సు తొవ్వనే గని ఊర్లె ఉన్నన్ని దినాలు మొఖం మొఖం చూసుకున్నోళ్ళం కాదు, గీ ఒమాన్ల, రుసైల్ల టైల్స్ గోదాంల కలిసినం. మాట తక్కువ మనిషి. మనం ఇంత చెప్తె ఆయిన తలకాయ ఊపుతడు, గంతే. గంత ముంగి మనిషికి ఎన్ని తీర్ల మాటలొచ్చునో చెప్తె నవ్వుతవు. ఎందుకంటె ఈడికి రాకముందు ఆయిన ఇజ్రాయిల్ల ఉండె. హైఫా అని సముద్రం ఒడ్డు పట్నం. మన దిక్కోళ్ళు ఆడ మస్తుమంది ఉంటరు, నీకెర్కనే, ముసలోళ్ళను చూసుకునే పని. తానం పొయ్యాలె, మందులియ్యాలె, చక్రాల కుర్చీల కూసోవెట్టి బజారు తిప్పాలె. భూమయ్యకు దొరికిన ముసలాయన యూదుడు, పోలండ్‌ల పుట్టిండట. ఆయినను భూమయ్య సబా అనేటోడు. సబా అంటె వాళ్ళ మాటల తాత. బజార్ల మాట్లాడేది హీబ్రూ అట. గని ముసలాయనకు కాళ్ళు గుంజినా, కోపమొచ్చినా చిన్నప్పుడు వాళ్ళమ్మ కాడ నేర్సిన ఇంకో భాష బయటికొచ్చేదట. యిద్దిష్ అంటరు దాన్ని. 'ఓయ్ వేయ్' అంటుండెనట. అంటె మనం ఓ నాయినో అంటం సూడు, గట్ల. 'నూ?' అంటె, మరి ఏమాయె, చెప్పు అన్నట్టు. భూమయ్య ఈడ సుత గదే అనేటోడు. మన మందూబు లేడా, కంపెనీ కాయితాలు పట్టుకొని ఆఫీసులు తిరిగే ఒమానాయన, గాయిన లీవు కాయితం రేపు రేపు అని తిప్పితె భూమయ్య ఎదురుంగ నిలవడి ఒక్కటే మాట, 'నూ?' ఆ మందూబుకు అదేం భాషనో తెల్వదు గని సంగతి మాత్రం సమజయ్యేది. మర్నాడే కాయితం.

నేను చెప్పేది ఏందంటె, ఆ దేశం పేరు మాత్రం భూమయ్య ఎవలి ముందర ఎత్తకపోయేది. టీవీల వార్తలొస్తె రూమ్ రూమంత కొట్లాట, నీకెర్కనే గద. నాకు చెప్పిండు, ఇగ ఖమరుద్దీన్‌కు. ఖమరుద్దీన్ అంటె మన మెస్‌ల వంట చేసేటాయన, కడప. ఆయినకు ఎట్ల తెలిసిందంటె శుక్రారం పొద్దుమీకంగనే భూమయ్య తానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కొని, రెండు కుబ్బూసు రొట్టెలు తెచ్చి డబ్బ మీద వెట్టి పైనుంచి దస్తీ కప్పుతుండె. సబా ఇంట్ల ఏండ్లకేండ్లు చేసిండు గద, చెయ్యి ఊకుంటలేదు. వాళ్ళకు శుక్రారం పొద్దుమీకినప్పటిసంది శనారం పొద్దుమీకెదాక పని ముట్టరు, షబ్బాత్ అంటరు. ఆ నాటి రొట్టెను హల్లా అంటరట, మన ఆడివిల్లల జెడ లెక్క అల్లుతరట. ఈడ జెడ రొట్టె యాడిది, కుబ్బూసే. ఖమరుద్దీన్ చూసి, 'ఏమప్పా భూమయ్యా, రొట్టెకు సిగ్గైతాందా, ముసుగేసినావే?' అన్నడు. గాయిన నవ్వకుంట, 'ముందుగాల ద్రాక్షసారకు దండం వెడ్తరు, రొట్టె వంతు తర్వాత. అది చూసి చిన్నబుచ్చుకోవద్దని కప్పుతరు' అన్నడు. ఖమరుద్దీన్ గంటె కింద వెట్టి నవ్విండు సూడు! 'నలభై మందికి వండుతా ఉండా, నేను సిన్నబుచ్చుకుంటే అడిగేవోడు లేడు, రొట్టెకు వొచ్చిందప్పా మర్యాద!' అని. నవ్వినంక తలుపు దగ్గరికేసిండు. 'ఇది యాడ నేర్సినావో నాకు సెప్పినావు. ఇంగెవురికీ సెప్పొద్దు. ఎవురన్నా అడిగితే మొక్కు అని సెప్తా' అన్నడు. గట్లనే చెప్పిండు, చివరిదాక. ప్రతి శుక్రారం మెత్తటి రొట్టెలు రెండు పక్కకు తీసిపెట్టేటోడు సుత.

ఇంకోటి ఉండె. ఏడాదికోపారి, సబా పోయిన దినం నాడు, మంచం మీది బుగ్గ పొద్దుందాక బందు వెట్టనియ్యకపోయేది. ఆడనైతె దీపం ముట్టిస్తరట, యార్‌త్సైట్ అంటరు, పోయినోళ్ళ దినం. ఈడ రూమ్‌ల అగ్గిపుల్ల గీస్తె క్యాంప్ బాస్ మీదికొస్తడు. అందుకని బుగ్గ. 'కరెంటు నీ అయ్యదా' అని రూమోళ్ళు లొల్లి. ఎవడన్న బందు వెట్టి పోతె మల్ల లేసి ఏసేటోడు. మొన్న ఎండకాలంల నేను సుత బుగ్గ బందు వెట్టనియ్యలేదని నువ్వు నా మీద లేసినవు యాదికున్నదా? ముసలోనికి మతి దప్పిందంటివి. గది గందుకే, భూమయ్య పోయిన దినమది. అన్న అన్న, అన్నవ్ తీ. నేనేం మనసుల వెట్టుకోలే.

అయితె పీట సంగతి అడిగినవు గద. ఆ చిన్న కత్తెర ఇటియ్యి. సబా వయసుల ఉన్నప్పుడు ఒక జట్టుల ఉండెనట. హెవ్రా కడీషా అంటరు. ఎవలన్న పోతె ఆ జట్టోళ్ళు వచ్చి కడుగుతరు, తెల్ల బట్టలు తొడుగుతరు. ఆ బట్టలకు జేబులుండవట. ఏం తీస్కపోతం గనుక జేబు? మన్నువెట్టెదాక ఒకలు ఎంబడే కూసోవాలె. అట్ల కూసున్నాయనను షోమేర్ అంటరు, కావలాయన. పీనుగను ఒంటిగ ఇడిచిపెట్టరు. అరే, మన దగ్గర మాత్రం ఇడుస్తమా? తలాపుకు దీపం వెట్టి నలుగురు కూసుంటరు. ఖమరుద్దీన్ సుత అంతే అన్నడు, 'మయ్యత్తును ఒక్కదాన్నే ఇడుస్తామా యాడన్నా.' అందరికెర్కనే. గని మనం ఆ తెలివిని ఊర్లె ఇడిచిపెట్టి ఫ్లైట్ ఎక్కినం. భూమయ్య ఒక్కడే ఎవలి దగ్గరనో నేర్సుకొని సంచిల ఏస్కొచ్చిండు.

సబా పోయిననాడు ఆయిన కాడ కూసున్నది భూమయ్యనే. కొడుకు ఇంకో ఊరికెళ్ళి రావాలె. 'మీ మంత్రాలు నాకు రావు' అంటె పక్కింటి ముసలామె, 'మంత్రాలెందుకు, కూసో' అన్నదట. ఇగ కూసొని ఏం చేసిండో తెలుసా? అంగట్ల ఏం కూరగాయలొచ్చినయో, కింది లిఫ్టు మల్ల చెడిపోయిందో, గవన్ని చెప్పిండట పీనుగకు. దినాము చెప్పేటియే గద. మన్ను వెట్టొచ్చినంక ఏడు దినాలు ఇంటోళ్ళు పొట్టి పీటల మీద కూసుంటరు. షివా అంటరు. అద్దాలకు బట్ట కప్పుతరు. చూడవచ్చినోళ్ళు సుత బాధల ఉన్నాయన నోరు తెరిచెదాక నోరు తెరవద్దు. గా కట్టు నాకు మస్తు నచ్చింది, మనోళ్ళు వచ్చుడు వచ్చుడే 'ధైర్యం జెప్పుకో' అని మొదలువెడ్తరు. ఇగ కొడుకు కద్దీష్ చదవాలె, అది పోయినోళ్ళ పేరు మీద చదివేది, దానికి పదిమంది మొగోళ్ళు కూడాలె. లెక్కవెడితె ఒకలు తక్కువైన్రట. అదే అర్రల భూమయ్య గ్లాసులు పట్టుకొని నిలవడ్డడు, గని ఆయిన వాళ్ళ మతపాయన కాదాయె, లెక్కకు రాడు. ఎవలో కిందికుర్కి బండి మీద పోయేటాయనను పట్టుకొచ్చిన్రు. ఆ మాట చెప్పంగ నేనన్న, 'అన్నేండ్లు ముడ్డి కడిగినోడు లెక్కల లేడు, తొవ్వల పోయెటోడు లెక్కకొచ్చిండా?' అని. 'వాళ్ళ కట్టుబాటు వాళ్ళది, తప్పేమున్నది' అన్నడు. అని బస్సు కిటికీల నుంచి బయటికి చూడవట్టిండు. సబా పోవుడుతోని వీసా పాయె, ఊరికొచ్చిండు, కొన్నొద్దులు ఉండి ఒమాన్ పట్టిండు. గదీ కథ.

ఈడ ముందుగాల పోయింది భీమన్న, మన క్యాంప్‌ల నిజామాబాదాయన. పైన పరంజ కట్టేటోడు, మంచి బలమైన మనిషి, సైట్ల నీళ్ళు తాగుకుంట తాగుకుంట కుప్పకూలిండు. దవాఖానకు తీస్కపోయిన్రు, అయిపోయింది. కాయితాలు తయారయ్యెదాక డబ్బల వెడ్తరు గద, చల్లటి డబ్బల. మేం రూమ్‌కొచ్చి తానాలు చేసి కంచాల ముందర కూసున్నం. భూమయ్య కంచం ముట్టలే. 'భీమన్న కాడ ఎవలున్నరు?' అన్నడు. 'ఎవలుంటరయ్యా, డబ్బల వెట్టి తాళమేసిన్రు' అని నేను. 'అంటె ఒక్కడే ఉన్నడా?' అన్నడు. అని లేసి చెప్పులేసుకున్నడు. ఇగ ఆయినను మలిపి తేవడానికని నేను ఎన్కవడ్డ. మందూబుకు ఫోన్ చేస్తె బౌషర్ల దవాఖాన అన్నడు. పోయినం. ఎన్క దిక్కు గేటు, గోడ పొడుగూత ఏసీ మిషన్లు వేడి గాలి కక్కుతున్నయి. గాడ నేల మీద కూసున్నడు భూమయ్య. ఏం చెయ్యడు. ఏడ్వడు, మొక్కడు. 'భీమన్నా, నిజామాబాద్ల వానలు పడ్డయట' అంటడు గోడకు. నాకు బుగులైంది, ఈయినకు ఎండ కొట్టిందని.

కావలికి ఉమర్ అని ఒక బలూచి ముసలాయన ఉండె. కట్టె ఊపుకుంట వచ్చి, 'ఏ బాబా, ఇదర్ నై బైఠ్నా' అన్నడు. లేసి గేటవతలికి పొయి కూసున్నం. తెల్లారి డ్యూటీ కాంగనే మల్ల పోయినం. మల్ల ఎల్లగొట్టిండు. ఆ తెల్లారి, 'లోపల నీకేమైతడు? తమ్ముడా?' అని అడిగిండు. 'ఏం గాడు' అన్నడు భూమయ్య. 'మరెందుకు?' అంటె, 'ఆయిన కాడ ఎవలు లేరు' అన్నడు. ఉమర్‌ది సీబ్ దిక్కు, సెలవు దినాలల్ల గాలమేసి చాపలు పడ్తడట. తెల్లారి మోటర్ల నుంచి ఒక మడతపీట తీసి మా ముందర వారేసిండు. అగో, గదే ఈ పీట. చాపల వాసన పోవడానికి నెల వట్టింది.

ఇగ అసలుది విను. కాయితాలైనయి, భీమన్నను పంపుతున్నరు అని మందూబు ఫోన్. 'రాండ్రి, మొఖం చూసుకోండ్రి' అన్నడు. మేం లేసి గేటు కాడికి పోతె ఈడ కాదంటరు. శవం మొదటినుంచి ఇంకో దవాఖానల ఉన్నదట! మందూబు పొరపాటున ఈ పేరు చెప్పిండు. ఆ ఎండల, ఆ ఏసీల వేడిల, దినాము బస్సులు మారుకుంట పొయి మేం ఎవలికో కావలి కూసున్నం! నాకు తలకాయ గిర్రున తిరిగింది. మందూబును వాని ఏడు తరాలను తిట్టిన. భూమయ్య నవ్విండు. ఆయిన గట్ల నవ్వంగ నేను చూసింది గదొక్కపారే. పొట్ట పట్టుకొని నవ్విండు. 'నిజామాబాద్ వానల సంగతి ఎవలికి చెప్పిననో' అని నవ్వుడు. నవ్వి నవ్వి, కండ్లు తుడుసుకొని, 'ఏమైతది నర్సింగ్, లోపల ఎవలో ఒకలుంటరు గద. వాళ్ళకాయె' అన్నడు. గంతే. పీట మడిచి సంకలవెట్టుకొని బస్సుకు నడిచిండు.

భీమన్న ఇంటికెల్లి ఫోన్ వచ్చినప్పుడు నేనన్న, 'నీ రుణం ఎట్ల తీర్సుకుంటరో వాళ్ళు' అని. ఊరికె అంటం గద మనం. ఆయినకు కోపమొచ్చింది. 'గా మాట అనకు. చెడగొట్టకు' అన్నడు. సబా చెప్పిండట. బతికున్నోనికి మేలు చేస్తె ఎప్పుడన్న మర్లేస్తడని ఆశ ఉంటది. సచ్చినోనికి చేసేది మర్లరాదు. గదొక్కటే నిజమైన మేలు. హెసెద్ షెల్ ఎమెత్ అంటరట దాన్ని. అందుకని కూసుండుమని ఎవలిని అడుగద్దు, కూసున్నోనికి దండం వెట్టద్దు, మెచ్చుకోవద్దు. ఎవలికి మనసుల వడితె వాళ్ళు పోతరు. అట్ల చేసెటోనిని చూస్తె సబా 'మెన్ష్' అనేటోడట. అంటె మనిషి అనే. మనం అంటం సూడు, వాడు మనిషి రా అని. గంతకంటె పెద్ద మాట ఆయిన దగ్గర లేకుండెనట.

మంచి పనే గని లోకం ఊకుంటదా. ఎవలు పోయినా భూమయ్య పీట పట్టుకొని పోవుడు మొదలువెట్టిండు. ఏ భాషోడైన సరే. ఇగ క్యాంప్‌ల పీనుగుల భూమయ్య అని పేరువెట్టిన్రు. పొద్దుగాల ఎదురొస్తె మలిగి పోయేటోళ్ళు. ఆయిన కూసున్న బల్ల మీద కంచం వెట్టకపోయేది కొందరు. ఒకపారి అర్ఫాత్ అని, హైదరాబాద్ పోరడు, డ్రైవరు, కడుపు నొప్పని దవాఖానల వడ్డడు. భూమయ్య పండ్లు పట్టుకొని చూడవోయిండు. తలుపుల ఈయినను చూసుడుతోనే అర్ఫాత్ మంచం మీద లేసి కూసున్నడు. 'అరే భూమయ్య సాబ్, అబీ మై మరా నై! పీట తెచ్చినవా? ఏది, చేతులు చూపియ్యి!' అని. వార్డంత నవ్వింది. భూమయ్య సుత నవ్విండు, పండ్లు బల్ల మీద వెట్టి వచ్చిండు. గని నేను ఎంబడున్న గద. బస్సుల కిటికీకి తల ఆనిచ్చి, 'హైఫాల ఆ పది మందిల కలువకపోతి. ఈడ వీళ్ళల్ల సుత కలుస్తలేను' అన్నడు. ఆ ఒక్కపారే అన్నడు.

నా సంగతి సుత చెప్త. కమల, నా పెండ్లాం, పోయినప్పుడు నేను గీన్నే ఉన్న. పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇచ్చి ఉంటి, పోరాలేదు. ఫోన్ల చూసిన అంత. వీడియోల కవితనే, నా బిడ్డ, ఫోన్ పట్టుకొని సాగింది, నాకు ఆకాశం కనవడ్డది, మల్ల కాళ్ళు కనవడ్డయి, మల్ల ఆకాశం. గంతే. రూమ్‌ల అందరొచ్చిన్రు. ధైర్యం చెప్పిన్రు. పుట్టినోళ్ళు పోక తప్పదన్నరు. తప్పు వట్టలే, వాళ్ళకు సుత డ్యూటీ ఉంటది గద, చెప్పి పోయిన్రు. భూమయ్య వచ్చిండు. తలుపెన్క నుంచి పీట తీసి, ఇప్పి, నా భుజం పట్టి నన్ను దాని మీద కూసోవెట్టిండు. ఆయిన కింద కూసున్నడు, గచ్చు మీద. ఏం మాట్లాడలే. ఛాయ్ తెచ్చి పెట్టిండు, సల్లారింది, ఇంకోటి తెచ్చిండు. డ్యూటీ పోయెటోడు, వచ్చెటోడు, మల్ల అట్లనే గచ్చు మీద. నేనెన్నటికో నోరు తెరిచి, 'దానికి పచ్చిపులుసంటె పానం' అన్న. గప్పుడు, గప్పుడు అడిగిండు, 'ఎట్ల చేసేది?' అని. ఇగ చెప్పుడు మొదలువెట్టిన. ఏడ్పు సుత గప్పుడే వచ్చింది.

నీళ్ళియ్యి కొన్ని. ఆఁ చాలు.

కరోనాల పోయిండు భూమయ్య. జెరమొచ్చింది, దమ్ము ఆడలే, అంబులెన్సొచ్చింది. ముసుగులోళ్ళు మెట్లెక్కి వస్తుంటె, 'మీరెందుకు ఎక్కుడు, నేనే దిగుత' అని సంచి పట్టుకొని తానే దిగిండు. నడుమ మెట్టు మీద నిలవడి మలిగి చూసి, 'నర్సింగ్, పీట పట్టీ పికిలింది, కుట్టాలె' అన్నడు. నేను 'నువ్వొచ్చినంక కుడుదువు తీ' అన్న. గదే ఆఖరు మాట. ఫోన్ వచ్చింది ఇగ. శవాన్ని ఊరికి పంపరు, ఈడ్నే కాలుస్తరు, ఎవలు రావద్దు. క్యాంప్ గేటుకు తాళం. పోలీసు బండి ఎదురుంగనే. ఇగ ఎట్ల? అన్ని దినాలు అందరికి కూసున్నాయన కాడ ఎవలున్నరు? ఎవలు లేరు. సంచి కుట్టే దారంతోని పట్టీ కుట్టిన నేను. కుట్టి, పీట పట్టుకొని మీదికెక్కిన, మిద్దె మీదికి. ఎక్కినంక తెలిసింది, ఎటు దిక్కు మొఖం వెట్టాల్నో తెల్వదు. చుట్టు గోదాంలు, నీళ్ళ టాంకీలు. అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి. పీట పట్టుకొని మిద్దె మీద పిచ్చోనిలెక్క గుండ్రంగ తిరుగుతున్న.

ఖమరుద్దీన్ వచ్చిండు ఎన్కనే. గంటె చేతులనే ఉన్నది. చూసిండు, అడగలే. 'ఖిబ్లా నాకు తెలుసప్పా, దినాము ఈన్నే గదా నమాజు' అని పడమర దిక్కు చెయ్యి చూపిండు. 'మక్కా అట్లుంటే, బౌషరు దవాఖాన ఇట్లుండాల' అని సరింగ దానికి ఎదురు దిక్కు చూపిండు. ఆ దిక్కే కూసున్న నేను. ఆయిన గోడకు ఆనుకొని పక్కకే కూసున్నడు. 'ఖమరుద్దీన్ భాయ్, నీ ఖిబ్లాకు వీపు వెట్టినవ్' అన్న. 'ఇది నమాజు కాదప్పా, కాపలా. కాపలాకు దిక్కేందీ' అన్నడు. పదిమంది కావాలెనంటరు గద, మేం ఇద్దరం. అండ్ల ఒకడు పప్పు అడుగంటుతాందని నడుమ నడుమ దిగి పోయి వచ్చేది. ఇంకెవలు రాలే. భూమయ్య అదే దవాఖానల ఉన్నడో, ఏరే దిక్కు తీస్కపోయిన్రో, అది సుత తెల్వదు. తెల్వకపాయె. లోపల ఎవలో ఒకలుంటరు గద, అనుకున్న. గప్పుడు నవ్వొచ్చింది నాకు. ఒక్కన్నే నవ్విన.

ఖమరుద్దీన్ కడప పోయిండు. ఇప్పుడు కండ్లు కనవడవట, ఫోన్ల మాటలే. గప్పటిసంది నేను కూసుంటున్న, పోయినోళ్ళందరికి కాదు, నాకు తెలిసినోళ్ళకు. అగో, దానిష్‌ది నీకెర్కనే. పక్క గోదాం ఫోర్క్‌లిఫ్టు పోరడు, బిహారు. నిద్రలనే పాయె. నువ్వు వానితోని కేరంబోర్డు ఆడేటోనివి గద? వాళ్ళమ్మ తేవాల్సిందే అంటున్నదట, ఈడ మన్ను వెట్టనియ్య అంటున్నదట. కాయితాలు తిరుగుతున్నయి. ఎన్నొద్దులైతదో. ఇన్ని దినాలు నేను పోతనే ఉన్న. మొన్న పీట పట్టీ ఫట్టుమన్నది నా కింద, మోకాలు గోడకు గుద్దుకున్నది, సూడు ఇంకా వాపు. నిన్న పోలే. ఇయ్యాల పోలే. రేపు కార్టన్లు తూకం, ఎల్లుండి ఫ్లైట్. వీసా క్యాన్సిలాయె, ఇగ ఒక్క దినం సుత ఉండరాదు. ఊర్లె కవిత దవాఖాన, ఫిజియో అన్ని చూసిపెట్టిందట. ఊర్లె నాకు మంచిగనే ఉంటది. ఉంటది గని, గాడ నాకెర్కైనోళ్ళు ఎవలు మిగిలిన్రు బిడ్డా? నా మాట ఎవలికి సమజైతది? నూ అంటె ఎవలు నవ్వుతరు?

నిన్ను పొమ్మంటలేను. ఊకె చెప్తున్న. బౌషర్ దవాఖాన గేటు ఎన్క దిక్కు ఉంటది, పొద్దుమీకి ఏసీ మిషన్ల కాడ కూసోరాదు, చెమటకు కండ్లు మూతవడ్తయి, మూలకు కొంచెం నీడ ఉంటది. ఉమర్ ఇంటికి పోయిండు, ఇప్పుడున్నోడు పిల్లగాడు, ఎల్లగొడ్తడు ముందుగాల. తెల్లారి ఎల్లగొట్టడు. గట్ల ఉంటది అని చెప్తున్న. దానిష్‌ది ఏ దవాఖాననో ఈపారి మందూబును రెండుపార్లు అడిగిన, గట్టిగ రాయిపించుకున్న. ఆఁ, గంతే ఇగ. నీకు పిల్లలు, డ్యూటీ, ఓవర్‌టైమ్, నాకు తెల్వదా. అది తలుపెన్క ఉంటె ఉంటది, చెత్తల వడితె వడ్తది.

ఏంది గట్ల పీట ముంగటేస్కొని, తల కిందికేస్కొని... గా సూది యాడిది నీకు? ఆ దారం పనికిరాదు రా, సన్నంది. సంచి దారం నా మంచం కింద ఉన్నది, గది తీస్కో. రెండు పేటలు వెయ్యి.

అరే, బువ్వ మాడు వాసనొస్తున్నది. నేనే చూస్త తీ, నువ్వు లేవకు.